నేను కొట్టేసిన పేర్లు

నాకు శాలువా కప్పింది జీవితంలో ఒక్కసారే. ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో ఒక కల్యాణమండపం మేడ మీద, ఆదివారం పొద్దున, నలభై మంది దాకా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొడుతుంటే కప్పారు. నేను మొహమాటపడుతున్నట్టు తల వంచుకున్నాను గానీ లోపల పొంగిపోయాను. నా బూత్ కింద ఉన్న ఓటర్ల జాబితాను ప్రక్షాళన చేసినందుకు ఆ సన్మానం. ప్రక్షాళన అన్నది మా సార్ మాట. అంత పెద్ద మాట వాడారు కాబట్టి, నేను చేసిన పని అసలేమిటో అడగాలని ఆ హాల్లో ఒక్కరికీ తోచలేదు.

అప్పుడు నేను ఉదయగిరి అవతల, వరికుంటపాడు దారిలో ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచర్ని. కాపురం ఆత్మకూరులో. రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. పాఠాలతో పాటు బి.ఎల్.ఓ. పని కూడా నాకే అంటగట్టారు. అంటే ఆ ఊరి ఓటర్ల జాబితా నా చేతిలో ఉంటుంది. ఇంటింటికీ తిరిగి, కొత్తగా ఓటు వచ్చినవాళ్ళ పేర్లు చేర్చమని, చనిపోయినవాళ్ళవీ ఊరు వదిలిపోయినవాళ్ళవీ తీసేయమని పై ఆఫీసుకు రాసి పంపాలి. నేను ఏది రాస్తే అదే నిజం.

సార్ అంటే రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. డిగ్రీలో నేను ఆయన పాఠాలు విన్నవాణ్ణే. ఎన్నికలు బాగుపడితే అన్నీ బాగుపడతాయని ఆయన ఒక సంఘం పెట్టారు. అందులో చేరినవాళ్ళలో సగం మంది పెన్షనర్లు, మిగతావాళ్ళు నాలాంటి ఉద్యోగులు, ఒకరిద్దరు డాక్టర్లు. ప్రభుత్వం రేపటి నుంచి పనిచేయడం మానేసినా మాలో ఎవరికీ ఒక పూట కూడా ఇబ్బంది ఉండదు. అందుకే కాబోలు, ప్రభుత్వం ఎలా ఉండాలో మాకు అంత స్పష్టంగా తెలుసు.

"రోగం వేర్లో ఉండాది. మనోళ్ళందరూ ఆకులకు మందు కొడతా ఉండారు," అనేవారు సార్. "ఓటు అమ్ముకోవడం ఆగనీ, దొంగ ఓట్లు పోనీ. మంచివాడు గెలుస్తాడు. గెలిస్తే నీళ్ళూ రోడ్లూ వాటంతట అవే వస్తాయి."

ఆయనకు ఎదురు నిలిచేది ఒక లాయరు. నలభై ఐదేళ్ళుంటాయి. గొంతు బాగా పలికేది.

"మంచోడు గెలిచేదాకా జనం నాలిక తడుపుకోకుండా కూర్చోవాల్నా సార్? ఒక్క సమస్యను పట్టుకోవాల. దాని మీదనే ఉండాల. కోర్టు, ఆర్టీఐ, ధర్నా. ఎవడు గెలిస్తే మనకేంది? కుర్చీలో ఎవడుంటే వాడి మెడలు వంచి చేయించుకోవాల."

ఇది రెండేళ్ళు నడిచింది. సార్ పక్షం వాళ్ళు హాలుకు కుడివైపు, లాయరు పక్షం వాళ్ళు ఎడమవైపు కూర్చోవడం అలవాటైంది. మసాలా వడలు, టీ వచ్చాయంటే వాదన ఆగేది. ఆ రెండేళ్ళలో సార్ ఒక్క ఎన్నికనూ బాగుచేయలేదు. లాయరు ఒక్క సమస్యనూ పట్టుకోలేదు. పట్టుకోదగిన సమస్య ఇంకా కంటపడలేదనేవాడు. నేను ఇద్దరి వాదనలూ విని ఇంటికొచ్చి, ఏదో గొప్ప పనిలో ఉన్నవాడి మొహం పెట్టుకుని భోజనానికి కూర్చునేవాణ్ణి.

ఒకసారి సార్ స్టిక్కర్లు వేయించారు. 'మా ఇంటి ఓటు అమ్మకానికి లేదు' అని పచ్చ అక్షరాలు. వాటిని నా బడి ఉన్న ఊళ్ళో అంటించాలని ఇద్దరం ఆయన కారులో పోయాం. ఊరంతా అయ్యాక చెరువు కట్ట అవతల ఉన్న కాలనీకి వెళ్ళాం. ఇరవై చిల్లర గుడిసెలు, పైకప్పు పడక ఆగిపోయిన నాలుగు గవర్నమెంటు ఇళ్ళు. అక్కడివాళ్ళు చెరువులో నీళ్ళున్నన్నాళ్ళు చేపలు పడతారు, లేనప్పుడు కూలికి పోతారు. చాలా గుడిసెలకు తలుపుల్లేవు, గోనెపట్టాలు వేలాడుతున్నాయి. స్టిక్కర్ ఎక్కడ అంటించాలో తెలియక సార్ కాసేపు నిలబడి, ఆలోచించి, పట్టాకు గుండుసూదితో గుచ్చమన్నారు. నేను గుచ్చాను.

ఆ గుడిసె ముందు ఒకామె వల బాగుచేసుకుంటూ ఉంది. నలభై దాటి ఉంటాయి. ఆమె కూతురు నా దగ్గర రెండో తరగతి.

"ఇదేంది అయివోరా?" అంది.

"మీ ఇంట్లో ఓటు అమ్మరని తెలిసేదానికి."

"ఎవురికి తెలిసేదానికి?"

సార్ గొంతు సవరించుకుని, ప్రజాస్వామ్యం గురించి ఐదు నిమిషాలు చెప్పారు. ఆమె చేతిలో వల కదలకుండా పెట్టుకుని అంతా విన్నది. విని, "సరే సామీ," అంది. "ఊళ్ళోకి ట్యాంకు నీళ్ళొస్తా ఉండాయి. పైపు బడికాడ ఆపేసినారు. బడికాడ్నుంచి మాకు ఎంత దూరం? కేకేస్తే వినపడతాది. ఈ బోరు నీళ్ళు తాగి మాకు కీళ్ళు పట్టుకపోయినాయి. సోమశిల డ్యాములో అన్ని నీళ్ళుండాయంట, మాకు రెండు బిందెలు రావా? దానికేమన్నా కాయితం ఉండాదా మీకాడ?"

"అదేనమ్మా నేను చెప్పేది. ముందు ఓటు..."

"ఓటు ఎప్పుడూ యేస్తానే ఉండాం గదా."

తిరిగొచ్చేటప్పుడు కారులో సార్ నిట్టూర్చారు. "చూసినావా, వీళ్ళ చైతన్యం ఇంతే. కళ్ళముందరి అవసరం దాటి ఆలోచించలేరు." అవును సార్ అన్నాను. వెనక సీట్లో నీళ్ళ సీసాల కట్ట ఉంది. చెరొకటి తీసుకుని తాగాం.

ఆ తరువాత ఏడాది ఎన్నికల ఏడాది. దొంగ ఓట్లు ఏరేయాలని సంఘం తీర్మానం చేసింది. ఏ ఊళ్ళో ఎవరివి దొంగ ఓట్లో ఆత్మకూరులో కూర్చున్నవాళ్ళకు తెలియదు కాబట్టి ఊరి పెద్దల్ని అడిగారు. నా బడి ఉన్న ఊరి పెద్దాయన సంతోషంగా సహకరించాడు. వందల ఎకరాల మనిషి కాదు గానీ, సర్పంచి పదవి ఆయన ఇంట్లోనో, ఆయన చెప్పుచేతల్లో ఉన్నవాడి ఇంట్లోనో తప్ప ఇంకెక్కడా ఉండదు. చెరువు కట్ట కాలనీవాళ్ళు కిందటిసారి ఆయన చెప్పిన మనిషికి ఓటు వేయలేదని ఊళ్ళో అందరికీ తెలుసు. సార్‌కు తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు. కాలనీలో పేర్లన్నీ రాసి, వీళ్ళు ఇక్కడ కాపురం ఉండటం లేదని పెద్దాయన మనుషులు అభ్యంతరం ఫారాలు పెట్టారు. విచారణకు నా దగ్గరికి వచ్చాయి.

నేను ఒక్కసారే వెళ్ళాను. అది నాట్ల కాలం. సంగం వైపు కాలవ కింద వరినాట్లకు కాలనీ కాలనీ కదిలిపోయింది. గుడిసెల ముందు కంపమండలు అడ్డం పెట్టి ఉన్నాయి. ఒక గుడిసెలో మాత్రం ముసలాయన పడుకుని ఉన్నాడు. కళ్ళు సరిగా కనిపించవు. అడుగుల చప్పుడు విని, "ఎవురయ్యా?" అన్నాడు.

"బడి అయివోరిని. మీవాళ్ళంతా ఏరి?"

"నాట్లకు పోయినారయ్యా. అయిపోతానే వచ్చేస్తారు. ఎక్కడికి పోతారు?"

ఆ మాట నేను విన్నాను. విని, ఊళ్ళోకి వచ్చి పెద్దాయన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాను.

"వాళ్ళకి ఊరేంది అయివోరా? ఎక్కడ పనుంటే అక్కడే. నీకెందుకు ఎండలో తిరిగే పని, రాసెయ్ పో," అన్నాడు పెద్దాయన.

ప్రతి పేరు ఎదురుగా 'ఊరు వదిలి వెళ్ళిపోయారు' అని రాశాను. ఒకే వాక్యం. పది పేర్లయ్యాక చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. నాతో మాట్లాడిన ముసలాయన పేరు కూడా కొట్టేశాను. ఆయన నాతో మాట్లాడిన మధ్యాహ్నమే. నోటీసులు బడి గోడకు అంటించాను. రూలు ప్రకారం అందరికీ కనబడే చోట అంటించాలి. ఆ గోడ దగ్గరికి వచ్చేది కూడబలుక్కుని చదివే నా పిల్లలు. గడువు దాటింది. ఎవరూ అడగలేదు. పేర్లు పోయాయి. నాకు శాలువా వచ్చింది.

ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆవిడ అంచు పట్టుకుని చూసి, "ఏం చేసినావని కప్పినారు?" అంది. చెప్పాను.

"వచ్చేస్తారని ఆ తాత చెప్పినాడంటివే?"

"నీకు తెలియని విషయాల్లో తలదూర్చొద్దు," అన్నాను. నా సంసారంలో నేనన్న నీచమైన మాటల్లో అదొకటి.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఆ వలామె వేరే పనిలో ఉంది. పైపు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. అర్జీ ఇవ్వడం, రసీదు తీసుకోవడం, మళ్ళీ నెలకు పోయి ఆ రసీదు చూపించడం. కూలి పోగొట్టుకుని తిరిగింది. చివరికి నీళ్ళ శాఖ ఇంజనీరు ఒకాయన వచ్చి టేపు పట్టి కొలిచి, ఇక్కడ ఇన్ని కుటుంబాలు కాపురం ఉన్నాయని పంచాయతీ రాసిస్తే చాలు, పైపు వేసేస్తామన్నాడట. ఆమె పెద్దాయన దగ్గరికి పోయింది. ఆయన కొత్త ఓటర్ల జాబితా తెప్పించి ముందు పడేశాడు.

మరునాడు ప్రార్థన గంట కొట్టకముందే ఆమె బడికి వచ్చింది. వాకిట్లోనే నిలబడింది.

"అయివోరా, నేను ఉండానా, లేనా?"

"ఏంది?"

"లిస్టులో మా పేర్లు ఒక్కటీ లేవంట. ఊళ్ళో లేనోళ్ళకు పైపేందని పెద్దాయన నవ్వతా ఉండాడు. లేకపోతే నా బిడ్డ నీ బళ్ళోకి ఎట్టొస్తా ఉండాది? నువ్వు చూస్తానే ఉండావు గదా. నేను ఉండానా, లేనా? అది చెప్పు."

జాబితా నా టేబుల్ సొరుగులో ఉంది. చూసి చెప్తానమ్మా అన్నాను. చూడటానికేముంది? కొట్టేసింది నేనే. ఆ మాట చెప్పే ధైర్యం లేక, పిల్లల్ని లైనులో నిలబెట్టే పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయాను. ఆమె కాసేపు ఉండి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం సార్ ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విని, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ప్రక్రియలో తప్పు లేదు కదయ్యా. నోటీసు అంటించినావా?"

"అంటించినాను సార్."

"అభ్యంతరాలు వచ్చినాయా?"

"వాళ్ళు ఊళ్ళో లేరు కదా సార్."

"అయితే మళ్ళీ అప్లై చేసుకోమను. ఫారం ఆరు ఉండనే ఉండాది. ఇన్ని మంచి పనులు జరిగేటప్పుడు అక్కడక్కడ ఇట్లాంటివి తప్పవు. నువ్వు మాత్రం బయట ఎక్కడా అనబాకు. సంఘానికి చెడ్డపేరు."

అక్కడి నుంచి లాయరు దగ్గరికి పోయాను. లాయరు కళ్ళు మెరిశాయి. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అబ్బ! ఇదయ్యా కేసంటే! ఓటు పోయింది, దాంతో నీళ్ళు పోయినాయి. ఇంతకన్న మంచి సమస్య దొరకదు. అయితే ఒకటి. వాళ్ళను ఇప్పుడే ఫారాలు పెట్టనీబాకు. పేర్లు తిరిగొచ్చేసినాయంటే కేసులో బలముండదు. పోలింగ్ అయిపోనీ. ఓటు వెయ్యలేకపోయినారని హైకోర్టులో వేస్తాను."

"అప్పటిదాకా నీళ్ళు?"

"ఇన్నేళ్ళు తాగలేదా ఆ బోరు నీళ్ళు? ఇంకో ఆరు నెలలు తాగితే ఏమవతాది?"

ఒకాయన పద్ధతి కోసం వాళ్ళను మరిచిపొమ్మన్నాడు. ఇంకొకాయన పోరాటం కోసం వాళ్ళను అలాగే ఉండమన్నాడు. రెండేళ్ళు కుడివైపు, ఎడమవైపు కూర్చుని వాదించుకున్నది దీని కోసమా అనిపించింది. అలా అనుకున్నానని నేను వాళ్ళకన్నా మంచివాణ్ణి కాను. వాళ్ళు మాటలే అన్నారు, కలంతో రాసింది నేను.

సోమవారం నేనే కాలనీకి వెళ్ళి ఆమెకు చెప్పాను. "మీ పేర్లు కొట్టేసింది నేనమ్మా. మీరు వచ్చేస్తారని తాత చెప్పినా కొట్టేసినాను."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. బజారులో చేప కొనేవాళ్ళు మొప్పలు ఎత్తి చూస్తారే, అలా చూసింది.

"మళ్ళా రాయొచ్చునా?"

"రాయొచ్చు."

"అయితే రాయి. ఇక్కడే కూర్చోని రాయి. అందరూ ఉండేటప్పుడు రాయి."

వరసగా నాలుగు సాయంత్రాలు బడి వదిలాక కాలనీలో చాప మీద కూర్చుని ఫారాలు నింపాను. ఆమె పక్కన నిలబడి ఒక్కొక్కరినీ పిలిచేది. పుట్టిన తేదీ అడిగితే, "పెద్ద గాలివాన వచ్చిన ఏడు," అని ఒకరు, "డ్యాము నీళ్ళకు మా ఊరు మునిగినాక," అని ఒకరు. నేను లెక్క వేసుకుని రాసేవాణ్ణి. ముసలాయన వంతు వచ్చేసరికి, "నేను ఎక్కడికీ పోలేదని ఆపొద్దే చెప్తినే అయ్యా," అన్నాడు, మామూలుగా, ఏ కోపమూ లేకుండా. నేను కలం దించి ఆయన వైపు చూశాను. ఆమె, "రాయి అయివోరా, పొద్దు పోతా ఉండాది," అంది.

పెద్దాయన నన్ను పిలిపించాడు. ఈసారి మజ్జిగ ఇవ్వలేదు. "ఏంది కత?" అన్నాడు. రూలు ప్రకారం చేస్తున్నానన్నాను. రూలు అన్న మాటను నేను ధైర్యానికి వాడుకోవడం అదే మొదలు. పేర్లు చివరి జాబితాలో తిరిగి వచ్చాయి.

పేర్లు రావడంతోటే పెద్దాయన గొంతు మారింది. ఆ ఓట్లు ఇప్పుడు కావాలి కాబట్టి పంచాయతీ కాగితం తనే రాయించి ఇంజనీరుకు పంపాడు. ఒకరోజు ట్రాక్టరు మీద పైపులు తెచ్చి బడి పక్కన దింపించాడు. మైకు పెట్టించి, కాలనీకి నీళ్ళు ఇచ్చేది తానేనని చెప్పి, పూలదండ వేయించుకుని పోయాడు. వారం గడిచింది. పైపులు అక్కడే ఉన్నాయి. ఆమె వచ్చి ఎప్పుడు తవ్వుతారని నన్నడిగింది. అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క పనికొచ్చే విషయం చెప్పాను. ఎన్నికల తేదీలు ప్రకటిస్తే కోడ్ వచ్చేస్తుంది, కొత్త పనులు మొదలుపెట్టకూడదు, పోలింగ్ అయ్యాక ఈ పైపులు ఇక్కడ ఉంటాయని నమ్మకం లేదు అన్నాను.

"మొదలుపెట్టేసిన పనైతే?"

"అది ఆపరు."

మరునాడు నేను బస్సు దిగేసరికి కాలనీలో ఆడా మగా అందరూ పారలు, గడ్డపారలు పట్టుకుని బడి దగ్గర నుంచి పైపుకు కాలవ తవ్వుతున్నారు. కబురు పోయినట్టుంది, పెద్దాయన మోటారు సైకిల్ మీద వచ్చాడు.

"ఎవురు చెప్పినారే మిమ్మల్ని తవ్వమని?"

ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచి నిలబడింది. "నువ్వే గదయ్యా. మైకులో చెప్తివే, మా అందరికీ వినపడింది. నీకు కూలి ఖర్చు తగ్గిస్తా ఉండాం."

ఊరివాళ్ళు చుట్టూ చేరారు. ఎవరో ఫోనులో వీడియో తీస్తున్నారు. దండ వేయించుకున్న నోటితో ఆపండని అనలేక, "లోతుగా తవ్వండి," అని చెప్పి పోయాడు. రెండు రోజుల్లో కాలవ పూర్తయింది. ఆమె పోయి ఇంజనీరు ఆఫీసు ముందు కూర్చుని ఫిట్టర్‌ను వెంటబెట్టుకొచ్చింది. కోడ్ రాకముందే కాలనీ మొదట్లో కుళాయి తిరిగింది. ఒక్కటే కుళాయి, రోజు మార్చి రోజు నీళ్ళు. మొదటి రోజు పిల్లలు తాగడం మానేసి దాని కింద తలలు పెట్టారు.

పోలింగ్ ముందు రెండు పార్టీలవాళ్ళు కవర్లు పంచారు. కాలనీవాళ్ళు ఇద్దరి దగ్గరా తీసుకున్నారు. ఇది తెలిసి సార్ చాలా బాధపడ్డారని విన్నాను. ఎందుకు తీసుకున్నారని నేనూ అడిగాను, పాత అలవాటు కొద్దీ.

"వద్దంటే ఈసారి ఎవుడికి కోపమొచ్చి పేర్లు తీసేస్తాడో," అంది ఆమె. "ఓటు లోపలికి పోయినాక మనది. కవరు బయట వాళ్ళది."

ఎన్నికలు అయిపోయిన నెలకు మండపంలో మళ్ళీ సభ. సార్ లేచి, మన బి.ఎల్.ఓ. కృషితో ఓటు హక్కు తిరిగి వచ్చినందుకే నీళ్ళు వచ్చాయని, వేరు బాగుపడితే ఇలాగే ఉంటుందని చెప్పారు. లాయరు లేచి, అది పూర్తిగా సమస్య మీద పోరాటం సాధించిన విజయమని, ఎన్నికలకు సంబంధం లేదని చెప్పాడు. ఇద్దరూ ఆ ఊరి పేరు తప్పుగా పలికారు. ఆమెను సభకు పిలిచారట గానీ కూలి పని ఉందని రాలేదు. నన్ను మాట్లాడమన్నారు.

మైకు దగ్గరికి పోయి, ఆ పేర్లు తీసేసింది నేనేననీ, పెద్దాయన ఇచ్చిన జాబితాను మనం ఒక్క ప్రశ్న వేయకుండా తీసుకున్నామనీ చెప్పాను. ముసలాయన మాట కూడా చెప్పాను. అందరూ తలలు దించుకున్నారు. వాళ్ళు సిగ్గుపడుతున్నారని అనుకున్నాను. కాదు. ఎప్పుడు కూర్చుంటానా అని చూస్తున్నారు.

"ఇది సందర్భం కాదయ్యా," అన్నారు సార్ మెల్లగా.

"వ్యక్తిగత విషయాలు సభలో ఎందుకు?" అన్నాడు లాయరు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరికీ ఒక మాట మీద కుదరడం నేను చూసింది అప్పుడే. ఈలోగా వడలు వచ్చాయి. నేను తినకుండా మెట్లు దిగి వచ్చేశాను. మళ్ళీ ఆ మేడ ఎక్కలేదు. సంఘం మాత్రం ఇప్పటికీ ఉంది, ఆదివారాలు కూర్చుంటుంది.

మొన్న నెల్లూరు బస్సులో ఆమె కనబడింది. ఉదయగిరిలోనే ఎక్కినట్టుంది, నేను ఆత్మకూరులో ఎక్కేసరికి కిటికీ పక్కన కూర్చుని ఉంది. వెంట ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. సంగం దగ్గర కలుపు తీతకు పోతున్నారు. చెరువులో చేపలు పట్టుకునే హక్కును ఈసారి బయటివాళ్ళకు ఇవ్వబోతున్నారని, దాని మీద తిరుగుతున్నానని చెప్పింది. నేను వెంటనే, ముందు ఒక అర్జీ, ఆ తరువాత ఎవరిని కలవాలి, ఏం అడగాలి అని మొదలుపెట్టాను. ఆమె కాసేపు విని చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఊరికే ఉండు అయివోరా. రాసే పనుంటే నేనే వచ్చి పిలుస్తా."

సంగం రాగానే దిగింది. తనతో వచ్చినవాళ్ళందరూ దిగారో లేదో ఒకసారి చూసుకుని, కాలవ గట్టు వెంట నడిచిపోయింది.